నలభై ఒకటో రోజు పేజీ

బైండరు కాగితాల కట్టను కావాలనే తలకిందులుగా పెట్టాడు.

అచ్చయిన కాగితం మడతకు వచ్చినప్పుడు పేజీ నంబరు కుడిచేతి వైపు, కింది మూలకు ఉండాలి. అది ఒక్కటి సరిచూసుకుంటే మిగిలిన మడతలు చెయ్యి తనంతట తానే వేసుకుపోతుంది. ఆ బైండింగు షాపులో పద్నాలుగేళ్లుగా మడత, కుట్టు అతని భార్య పని. అట్ట, జిగురు, కోత అతని పని. కట్ట కాస్త వంకరగా పెట్టినా ఆమె ఊరుకునేది కాదు. "కళ్లు ఇంట్లో మరిచిపోయి వచ్చావా? పోయి తెచ్చుకో, నేనిక్కడే ఉంటా" అనేది, వీధిలో పోయేవాళ్లకు కూడా వినపడేలా.

ఆ మంగళవారం పొద్దున రెండు వందల కాగితాలను తిప్పి ఆమె ముందు పెట్టి, బైండరు తన బల్ల దగ్గరికి వెళ్లాడు. అట్టకు జిగురు పూస్తూ, చెవులు మాత్రం వెనక్కి పెట్టి నిలబడ్డాడు.

ఆమె మొదటి కాగితం తీసుకుంది. అంచుకు అంచు కలిపింది. చెక్కబద్దతో మడత మీద ఒక్క గీత గీసింది. పక్కన పెట్టి రెండోది తీసుకుంది. బద్ద చప్పుడు ఒకటే తీరుగా వస్తూనే ఉంది. జిగురు పూసిన అట్ట ఆరిపోయి, మళ్లీ పూయవలసి వచ్చింది. గంటన్నరకు రెండు వందల కాగితాలూ కత్తితో కోసినంత సమంగా మడిచి పెట్టింది. అన్నీ తలకిందులుగానే.

కుట్టు బల్ల దగ్గర ఆమెకు సాయంగా ఉండే ముసలాయన కట్టలోంచి ఒకటి తీసి చూశాడు. మాట గుచ్చుకుంటుందని ఆయన్ని అందరూ దబ్బనం బాబాయి అంటారు. "ఏమ్మా, ఈ పుస్తకం కొన్నవాడు శీర్షాసనం వేసి చదువుకోవాలా?" అన్నాడు.

ఆమె తలెత్తింది. "విప్పి మళ్లీ మడవనా?"

ఆ గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం లేదు. బాబాయి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కాగితం కట్టలో పెట్టేసి, బైండరు వైపు చూసి, మళ్లీ దబ్బనంలోకి దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఇంటికి రాగానే బైండరు ఆస్పత్రివాళ్ల పుస్తకం తీశాడు. ఆకుపచ్చ అట్ట, తొంభై ఆరు పేజీలు. కొత్త మందు పరీక్షించేది ఎనభై నాలుగు రోజులు. పైన పన్నెండు పేజీలు అదనం. తేదీ, రోజు నంబరు చేత్తో వేసుకోవాలి. రోగితో ఉండే మనిషి ప్రతి రోజూ నింపాలి. నొప్పి మాత్ర అడిగిందా? తిండి తిన్నదా? నిద్రపోయిందా? రోజువారీ పనుల మీద ఆసక్తి పదికి ఎంత? కింద నాలుగు ఖాళీ గీతలు.

మొదటి గడిలో "లేదు" అని రాశాడు. నలభై రోజులుగా రాస్తున్నా ఆ మాటను రాశాక ఇంకోసారి చదువుకుంటాడు. షాపు అటక మీదికి కాగితం రీములు మోస్తూ నిచ్చెన మీంచి పడి ఆమె తుంటి విరిగింది. తుంటిలో మేకులు దిగాయి, నొప్పికి మాత్రలు వచ్చాయి, ఎముక అతికాక కూడా మాత్రలు పోలేదు. రెండుసార్లు మానింది. రెండుసార్లు మళ్లీ పట్టుకుంది. రెండోసారి స్నానాల గది తలుపు నెట్టి చూసింది కూతురే. అప్పటికి తల్లి పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఎప్పుడో ఒకటి.

పెద్ద డాక్టరు మొదటి రోజు ఓపిగ్గానే చెప్పాడు. "గంజాయి మత్తు మెదడులో ఏ గ్రాహకాలను, అంటే రసాయనం వచ్చి అతుక్కునే చోట్లను, పట్టుకుంటుందో, అవి మనందరికీ పుట్టుకతోనే ఉంటాయి. గంజాయి కోసం కాదు. మన ఒళ్లే అలాంటి పదార్థం చిటికెడు చిటికెడు తయారు చేసుకుంటుంది, దాన్ని అందుకోవడానికి. నొప్పి మాత్ర ఇచ్చే సుఖంలో వాటికీ చెయ్యి ఉంది. మానేశాక మందుల షాపు బోర్డు కనపడితేనో, మాత్రల రేకు చిటుక్కుమంటేనో ప్రాణం లాగుతుంది చూశారా, ఆ లాగుడులో కూడా ఉంది. మేమిచ్చే మందు ఆ గ్రాహకాలను మూసి పెడుతుంది. ఎలుకల్లో చూశాం. మూసేస్తే అవి మత్తు కోసం మీట నొక్కడం తగ్గించాయి."

"తిండి తినేవాండీ అవి?" అని అడిగాడు బైండరు. ఎందుకడిగాడో అతనికే తెలియదు.

డాక్టరు ఆకుపచ్చ పుస్తకాన్ని అతని వైపు జరిపాడు. "తగ్గిస్తాయి. ఇలాంటి మందే ఒకటి వెనక ఒళ్లు తగ్గడానికని వాడేవాళ్లు. కొందరికి మనసు మరీ కుంగిపోతోందని ఆపేశారు. ఇది కొత్త రకం. అయినా అందుకే ఈ పుస్తకం. మీరు చూసింది చూసినట్టు రాయాలి."

చూసింది చూసినట్టు. "ఆసక్తి" గడిలో కలం ఆనించి బైండరు ఆగాడు. రెండు వందల కాగితాలు మడిచింది కదా, పని చేసినట్టే కదా అనుకున్నాడు. ఏడు వేశాడు.

కూతురు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉంది. తొమ్మిదో తరగతి. తల్లి లోపలికి వెళ్లిందని చూసుకుని, "నాన్నా, నాకు లెక్కల్లో పదహారు వచ్చాయి" అంది.

"వందకా?"

"ఆ. అమ్మకు చూపించాను. సంతకం పెట్టి ఇచ్చేసింది." పిల్ల పెదవి కొరుక్కుంది. "నాన్నా, పదహారుకు కూడా ఏమీ అనలేదు."

బుధవారం పొద్దున షాపుకు నడిచి వెళ్తున్నారు. మలుపులో మందుల దుకాణం ఉంది. నీలం బోర్డు పగలు కూడా వెలుగుతూ ఉంటుంది. ఇదివరకు ఆ బోర్డు దూరం నుంచి కనపడితే చాలు, ఆమె మెడ మీద చెమట పట్టేది, అడుగులు తడబడేవి. నెలల తరబడి వాళ్లు చుట్టు తిరిగి వెళ్లారు. కొత్త మందు మొదలుపెట్టిన మూడో వారంలో ధైర్యం చేసి ఆ దారినే వచ్చారు. ఆమె తల తిప్పి కూడా చూడకుండా నడిచింది. ఆ రోజు బైండరు దేవుడి ముందు నిలబడి మాట రాక ఏడ్చాడు. దీని కోరిక తీసెయ్ స్వామీ అని ఎన్నాళ్లుగా అడుగుతున్నాడో అది జరిగింది.

ఇవాళ కూడా ఆమె బోర్డు వైపు చూడలేదు. రోడ్డు వైపు కూడా చూడలేదు. కాలిబాట దిగి అలాగే నడిచింది. సరుకుల వ్యాను కీచుమంది. అతను ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ తూలి గోడకు కొట్టుకున్నారు.

వ్యాను డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఏమమ్మా, ఇంట్లో చెప్పే వచ్చావా? దొరికింది నా బండేనా నీకు?"

"తప్పయింది, పోనీ నాయనా" అన్నాడు బైండరు. భార్య వైపు తిరిగాడు. "దెబ్బ తగిలిందా? చూసుకోవద్దూ?"

ఆమె మోచేతికి అంటిన సున్నం దులుపుకుంది. "గుద్దేసినా బాగుండేది. మీ ఇద్దరికీ ఈ కాపలా తప్పేది."

ఇంట్లో కిరోసిన్ అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి నడక సాగించింది.

ఆ సాయంత్రం అతను మొదటి గడిలో "లేదు" అని రాశాడు. ఆసక్తి గడిలో సున్న వేశాడు. కింది గీతల మీద ఆమె అన్న మాట అన్నట్టుగా రాశాడు. రాశాక పుస్తకం తిప్పి వెనక అట్ట చదివాడు. రోగి చావు మాట ఎత్తితే ఆ రోజే ఫోను చేయాలి, మందు ఆపేస్తారు.

ఆపేస్తే? మాత్ర మీది లాగుడు తిరిగొస్తే? అది కూడా డాక్టరే చెప్పాడు. మానేసి ఇన్నాళ్లయ్యాక ఒళ్లు పాత మోతాదును మరిచిపోయి ఉంటుంది. పాత లెక్కనే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. మూడోసారి తలుపు నెట్టడానికి పిల్ల ఇంట్లో ఉండకపోవచ్చు. ఉంటే అది మరీ ఘోరం.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నంబరు నొక్కలేదు. దేవుడి పటం ముందుకు వెళ్లి నిలబడ్డాడు. నేను అడిగింది మాత్ర మీది కోరిక ఒక్కటే కదా స్వామీ, నువ్వు మొత్తం తీసేశావేమిటి అనుకున్నాడు. అనుకోగానే భయమేసి చెంపలేసుకున్నాడు. అడగడం రాని తనదే తప్పేమో.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రిలో చూపించాలి. పదకొండింటికి బాబాయి టీకి బయటికి వెళ్లడం చూసి, బైండరు ఆకుపచ్చ పుస్తకం తన బల్ల మీద పెట్టాడు. భార్య నాలుగడుగుల అవతల, అటు తిరిగి మడతలు వేస్తోంది.

అట్టకు ఆవిరి పట్టి, వెన్ను దగ్గర సన్నకత్తి దూర్చి ఊడదీశాడు. పుస్తకం ఆరు కట్టలుగా కుట్టి ఉంది. నలభై ఒకటో పేజీ మూడో కట్టలో పడింది. ఆ కట్ట దారం మాత్రం కోసి, కాగితం తీసి, చివరి కట్ట నడుమ నుంచి దారం తెగకుండా ఖాళీ కాగితం జారదీసి దాని చోట పెట్టాడు. మడతలో పాత రంధ్రాలు ఉంటాయి. కొత్త కాగితం రంధ్రాలు వాటి మీదే సరిగ్గా కూర్చునేలా దబ్బనం గుచ్చి నిలిపాడు. దారానికి మైనం పూశాడు. లోపల్నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి మూడు పోట్లు వేసి ముడి బిగించాడు. వెన్నుకు పలచగా జిగురు పట్టించి అట్ట వేశాడు. మార్చిన కాగితానికి జతగా ఉన్న పేజీల మీది పాత రాతను అక్షరం పోకుండా ఎక్కించాడు. నలభై ఒకటో పేజీలో ఆసక్తి ఆరు అని వేసి, పుస్తకాన్ని బరువు కింద పెట్టాడు. తీసేసిన కాగితాన్ని చింపబోయి, చింపలేక, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏరా, ఎవరి పరీక్ష పేపరు మారుస్తున్నావు?" బాబాయి గుమ్మంలో ఉన్నాడు.

"మీ కోడలిది" అన్నాడు బైండరు.

బాబాయి బరువు కింది పుస్తకం కేసి, మడతల ముందు కూర్చున్న ఆమె కేసి చూశాడు. "ప్యాసవుతుందా?"

బైండరు బరువును ఇంకోసారి కిందికి నొక్కాడు. బాబాయి తన టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టి, పనిలో కూర్చున్నాడు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు పేజీలు తిప్పుతూ తల ఊపాడు. "నలభై ఒక్క రోజులు. ఒక్కసారి కూడా అడగలేదు. అందరికన్నా మీరే బాగున్నారమ్మా. ఎలా ఉంది ఒంట్లో?"

"బాగుంది" అందామె.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఆయన రాసిందే."

డాక్టరు పక్కనున్న నర్సమ్మ పుస్తకం ఆమె ముందుకు తోసింది, సంతకానికి. ఆమె కలం తీసుకుంది. పుస్తకం తెరిచి పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు, అలవాటు కొద్దీ, మడత వెంట కిందికి జారింది. మధ్యలో ఆగింది. పుస్తకాన్ని కొంచెం వెనక్కి వంచింది. మిగతా కట్టల్లో మిషను దారం, తెల్లగా ఉంది. ఇక్కడ మైనం పూసిన దారం. అది ఎవరి చేతి కుట్టో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తలెత్తి మొగుడి వైపు చూసింది.

బైండరు ఆ చూపు కోసం ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉన్నాడు. ఇప్పుడు అడుగుతుంది. ఏం చేశావయ్యా అంటుంది. పుస్తకం మొహాన కొడుతుంది. కొట్టనీ.

ఆమె చూపు దించుకుని, సంతకం పెట్టి, కలానికి మూత పెట్టింది.

"డాక్టరుగారూ" అన్నాడు బైండరు. లేచి నిలబడ్డాడు. "నిన్నటి పేజీ నేను మార్చాను."

నర్సమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పింది. "ఏ పేజీ అండీ? అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నంబర్లు కూడా వరసగానే ఉన్నాయి కదా" అని నవ్వింది. "మీరు ఊరికే కంగారు పడుతున్నారు, కూర్చోండి."

అతను జీవితంలో మొదటిసారి తన పని ఇంత బాగా వచ్చినందుకు ఏడవాలనుకున్నాడు. నర్సమ్మ ట్రేలోని కత్తెర అందుకుని మూడో కట్ట దారం తెంపాడు. కాగితాలు బల్ల మీదికి జారాయి. జేబులోని మడత విప్పి వాటి పక్కన పెట్టాడు.

డాక్టరు అది రెండుసార్లు చదివాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆమెను మెల్లగా అడిగాడు. "అమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

ఆమె ఆలోచించింది. "ఏమీ అనిపించడం లేదండీ. అది కూడా."

తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. మందు ఆపేశారు. పై అంతస్తులో మనసు డాక్టరమ్మ ఆమెను గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. సోమవారం నుంచి వేరే వైద్యం, రోజూ వచ్చి నర్సు కళ్ల ముందు వేసుకునే పాత పద్ధతి మందు. అప్పటిదాకా ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దన్నారు. పెద్ద డాక్టరు కోపాన్ని దాచుకోలేదు. "మిగతా నలభై పేజీలు నేనెలా నమ్మను? మీ ఒక్కరి లెక్కే కాదు పోయింది. మీ పేజీ చూసి ఇంకొకరికి ఈ మందు మంచిదని రాసుండేవాణ్ణి."

బైండరు చేతులు జోడించాడు.

బయటికి వస్తుంటే నర్సమ్మ వెనకే వచ్చింది. చిన్న పెట్టె చేతిలో పెట్టింది. "ముక్కులో కొట్టే మందండీ. రెండున్నాయి. మళ్లీ ఆ మాత్రలు వేసుకుని ఊపిరి అందకపోతే. లోపల కాగితం ఉంది, చదవండి." అతను తల ఊపాడు. ఇంటికి వెళ్లి దాన్ని బీరువా పైన, వెనక్కి తోసి పెట్టాడు. కళ్లకు కనపడుతుంటే జరుగుతుందేమోనని.

శుక్రవారం ఏమీ మారలేదు. శనివారం మధ్యాహ్నం ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు వెయ్యలేదా?" అంది. అతనూ కూతురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఉప్పు డబ్బా కోసం ఇద్దరూ ఒకేసారి లేచారు.

ఆదివారం రెండు గంటలకు ఆమె నడవడం మొదలుపెట్టింది. వంటగదికీ గుమ్మానికీ మధ్య, కుంటుతూ. మెడ మీద చెమట. సొరుగులు లాగి చూసింది, మూసింది, మళ్లీ లాగింది. అతను తలుపుకు తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"జేబులో ఏముంది?"

"ఏమీ లేదు."

"తాళంచెవి ఉంది. ఇవ్వు." ఇవ్వకపోతే అతని ముందు కూలబడింది. "ఒక్కటి తెచ్చిపెట్టు. పోనీ సగం. నీ కాళ్లు పట్టుకుంటా."

"వద్దే."

"వద్దా? నీ తుంటిలో దిగాయా మేకులు? పొద్దస్తమానం ఆ పటం ముందు నిలబడి గొణుగుతావే, అడుగు ఆయన్ని, ఒక్క పూట నా ఒంట్లో కాపురం ఉండి చూడమను!"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"అంటే మాత్రం ఒప్పుకుంటావా? ఆయన పేజీ కూడా మార్చేసి ఉంటావు!" గొంతు చీరుకుపోయింది. "దొంగ! నా కళ్ల ముందు ఆ వంకర కుట్టు చూపిస్తావా? ముడి లోపలికి రావాలని పద్నాలుగేళ్లుగా చెప్తున్నా, మట్టిబుర్రకెక్కదు! డాక్టరు గుడ్డివాడు కాబట్టి సరిపోయింది!"

రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుని గుంజింది. గుండీ ఒకటి తెగి గదిలోకి దొర్లింది. లోపలి గదిలో కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అతనికి చచ్చేంత భయంగా ఉంది. ఈ కళ్లు అతనికి తెలుసు. వెనకటి రెండుసార్లూ ఈ కళ్లే. ఆ భయం అడుగున మరేదో కదిలింది. దానికి సంతోషమని పేరు పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమె కొడుతుంటే కొట్టించుకున్నాడు.

చాలాసేపటికి ఆమె చేతులు జారాయి. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, వణుకుతూ కూర్చుంది.

"ఆ నర్సు ఇచ్చింది ఏది?" అంది.

"ఏది?"

"ముక్కు మందు. నేను చూశాను."

అతను బీరువా పైకి చూశాడు.

"అక్కడ పెట్టావా? నేను నేలన పడి ఊపిరి లేకుండా ఉంటే నువ్వు స్టూలు వెతుక్కుంటావా?" పళ్లు టకటకలాడుతున్నాయి. "దించు."

దించాడు. కూతురు రెండడుగులు ముందుకు వేసింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కాదే. నువ్వు ఒకసారి చూశావు, చాలు. లోపలికి పోయి ఆ లెక్కలు చెయ్యి. పదహారంట, సిగ్గులేకపోతే సరి." పిల్ల నోరు నొక్కుకుని లోపలికి పరిగెత్తింది.

"చదువు" అంది మొగుడితో.

అతను కాగితం విప్పాడు. అక్షరాలు చిన్నవి. "మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచాలి..."

ఆమె నేల మీద వెల్లకిలా పడుకుంది. "పెట్టు చెయ్యి. చూస్తావేం? అలా కాదు, ఇంకా కిందికి. సీసా దగ్గరికి తే. నొక్కకు, ఉన్నవి రెండే. ఏ ముక్కులో?"

"ఏదైనా ఒక దాంట్లో."

"తర్వాత?"

"అంబులెన్సుకు ఫోను చెయ్యాలి. రెండు మూడు నిమిషాలు చూడాలి. లేవకపోతే రెండోది, రెండో ముక్కులో."

అతని అరచేతిలో ఆమె మెడ చెమటకు జారుతోంది. మెడ పక్కన నరం గబగబా కొట్టుకుంటోంది. ఆమె కళ్లు తెరిచి పైకప్పు వైపు చూస్తోంది.

"నేను పోతానయ్యా" అంది. "రేపటి మందు పనిచేసినా సరే. ఎప్పుడో ఒకరోజు నీ కన్ను గప్పి ఆ మాత్రలకు పోతాను. నన్ను నేను ఎరుగుదును. నువ్వు గుమ్మంలో ఎన్నేళ్లు కూర్చుంటావు?"

అతను మెడ కింది చెయ్యి తియ్యలేదు.

"కానీ నాకు చావాలని లేదు."

ఆ మాట అని, ఎవరన్నారా అన్నట్టు తనే ఒక క్షణం ఆగింది. అతని మణికట్టు పట్టుకుని చెయ్యిని మెడ కింద సరిగ్గా సర్దుకుంది.

"మళ్లీ చదువు. మొదటినించి. గొణక్కుండా."

అతను కాగితాన్ని వెలుతురు వైపు తిప్పుకుని, గొంతు సవరించుకుని, మొదటినించి చదివాడు.